కట్ట కింద బుల్‌డాగ్

"పెద్ద కుక్కని పెంచాలంటే ఫామ్‌హౌస్ ఉండాలి బ్రో" అని నాకు చెప్పనివాళ్లు లేరు. శంకర్‌పల్లి వైపు రెండెకరాలు, చుట్టూ ప్రహరీ, మామిడి చెట్లు, వాటి మధ్య పరుగులు తీసే కుక్క. రీల్స్‌లో కనిపించేది అదే కదా! నాకున్నది అశోక్ నగర్‌లో, రెండో అంతస్తులో, డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఫ్లాట్. అందులో నేను, అమ్మ, 38 కిలోల అమెరికన్ బుల్‌డాగ్. పేరు బుజ్జి. 'కల్కి' సినిమాలో కారుకి ఆ పేరు పెట్టకముందు నుంచే మా బుజ్జి బుజ్జే.

మా ఆఫీసులో ఒక సీనియర్ కెనడా వెళ్లిపోతూ నాకు అప్పజెప్పిన కుక్క ఇది. అప్పటికి దానికి రెండేళ్లు. విమానం ఖర్చు, పేపర్లు, అక్కడి అద్దె ఇళ్ల రూల్స్ అన్నీ లెక్కేసుకుని, చివరికి నన్ను అడిగాడు. అది 2022 మాట. అంతకుముందు ఏడాదిగా శని, ఆదివారాలు వాళ్లింటికెళ్లి దాంతో ఆడుకునేవాణ్ని. ఆడుకోవడం వేరు, పెంచడం వేరు అని తెలిసే ఒప్పుకున్నా.

అప్పటి నుంచి నాకు అర్థమైంది ఒకటే. ఇలాంటి కుక్కతో బతకడమంటే సగం కుక్కని చూసుకోవడం, సగం వీధిని చూసుకోవడం. రెండోదే కష్టం.

పందుల్ని పట్టే జాతి

బుల్‌డాగ్ అనగానే మనకి గుర్తొచ్చేది ముడతల ముఖం, పొట్టి కాళ్లు, సోఫా మీద గురక. అది ఇంగ్లిష్ బుల్‌డాగ్. బుజ్జి ఆ రకం కాదు. పొడుగు కాళ్లు, వెడల్పు ఛాతీ, పెద్ద తల, తెల్లటి ఒంటి మీద రెండు గోధుమరంగు మచ్చలు.

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఎద్దుని కట్టేసి దాని మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆట ఉండేది. బుల్‌డాగ్ అన్న పేరు అక్కడిదే. 1835లో చట్టం తెచ్చి ఆ ఆటని నిషేధించారు. తర్వాత అక్కడి బుల్‌డాగ్ పొట్టిదై, మెత్తబడి, ఇంటి కుక్క అయిపోయింది. వలస వెళ్లినవాళ్లతో పాటు అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు చేరిన పాతరకం మాత్రం పొలాల్లోనే ఉండిపోయింది. పశువుల్ని అదుపు చేయడం, ఇల్లు కాయడం, పంట పాడుచేసే అడవిపందుల్ని పట్టి రైతు వచ్చేదాకా కదలకుండా ఆపడం... ఇవీ దాని పనులు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ జాతి దాదాపు కనుమరుగైపోయింది. జాన్ డి. జాన్సన్, అలాన్ స్కాట్ లాంటివాళ్లు మిగిలిన కుక్కల్ని వెతికి పట్టుకుని సంతతి పెంచారు. అందుకే ఇప్పటికీ బరువుగా, మూతి పొట్టిగా ఉంటే జాన్సన్ రకం, కాస్త సన్నగా, చురుగ్గా ఉంటే స్కాట్ రకం అంటారు. అమెరికాలోని యునైటెడ్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది 1999లో. మగకుక్కలు 50 కిలోల వరకూ పెరుగుతాయి.

మన భాషలో చెప్పాలంటే, డిజైన్ చేసింది పొలం కోసం. డిప్లాయ్ చేసింది అశోక్ నగర్‌లో.

ఆ డిజైన్ ఎక్కడికీ పోదు. తాడు బొమ్మ ఇస్తే బుజ్జి పట్టుకుంటుంది, వదలదు. మనం లాగితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అది కోపం కాదు, దాని పని. అందుకే నేను దగ్గరుండి మొదట నేర్పించిన మాట 'వదులు'. వదిలిన ప్రతిసారీ ఉడకబెట్టిన చికెన్ ముక్క. ఆ ఒక్క మాటకి రోజుకి పది నిమిషాలు, నాలుగు నెలలు పట్టింది. సీనియర్ వాళ్లింట్లో అన్నీ ఇంగ్లిష్ కమాండ్లే. నేను తెలుగులోకి మార్చా. 'ఆగు', 'కూర్చో', 'వదులు', 'ఇంట్లోకి'. ఎందుకంటే నేను ఆఫీసులో ఉన్నప్పుడు దాంతో మాట్లాడేది అమ్మ. ఎప్పుడైనా అవసరం పడితే మా వాచ్‌మన్. వాళ్ల నోటికి వచ్చే మాటే దాని చెవికి అలవాటు కావాలి.

తెల్లారి ఐదింటి రూట్

ఈ ఏరియా తెలియనివాళ్లకి ఒక మాట. అశోక్ నగర్ అంటే కోచింగ్ సెంటర్లు. గ్రూప్స్, సివిల్స్, పోలీసు ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు. ఒక్కో గదిలో నలుగురు. ప్రతి గల్లీకి ఒక మెస్సు, ఒక జిరాక్స్ షాపు, ఒక టిఫిన్ బండి. పక్కనే చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ. పైన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లు. ఫస్ట్ డే ఫస్ట్ షో ఉన్న రోజు తెల్లవారుజామునే టపాసులు. ఇంత రద్దీలో 38 కిలోల కుక్కని ఎప్పుడు తిప్పాలి?

ఐదు గంటలకి. ఐదున్నర దాటితే లైబ్రరీకి వెళ్లే బ్యాగులు రోడ్డెక్కుతాయి. ఆరుకి టిఫిన్ బండ్ల దగ్గర జనం. ఆరున్నరకి స్కూలు ఆటోలు. కాబట్టి నాకు దొరికేది గంట. ఆ గంటని మిస్ చేస్తే ఆ రోజు పొడుగు వాకింగ్ లేదు, ఇంట్లో ఆటలే.

రూట్ ఇదీ. మా గల్లీ నుంచి స్టీల్ బ్రిడ్జి కిందికి వస్తాం. ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా వేసిన ఈ వంతెన 2023 ఆగస్టులో మొదలైంది. పైన పోయేవాళ్లకి టైమ్ కలిసొచ్చింది, కింద నడిచే మాకు నీడ కలిసొచ్చింది. అక్కణ్నుంచి ఇందిరా పార్క్ గోడ వెంబడి. లోపలికి వెళ్లం. 76 ఎకరాల పార్కే కానీ, ఆ టైమ్‌కి లోపల నడిచేది పెద్దవాళ్లు. చేతికర్ర పట్టుకుని నడిచేవాళ్ల ఎదురుగా బుజ్జిని తీసుకెళ్లడం నాకు సరిగ్గా అనిపించదు. ధర్నా చౌక్‌లో టెంట్లు పడ్డ రోజు ఆ వైపే పోం. మైకు టెస్టింగ్ మొదలైతే బుజ్జి చెవులు నిక్కబొడుచుకుంటాయి.

తర్వాత స్నో వరల్డ్, ఆపైన లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు. మే నెలలో స్నో వరల్డ్ ముందు బుజ్జి నాలుక వేలాడేసుకుని కాసేపు నిలబడుతుంది. లోపల మంచు ఉందని దానికెవరు చెప్పారో!

ఈ రోడ్డు మీద నడుస్తుంటే ఒక విషయం మర్చిపోతాం. పక్కనున్న కట్టకి అవతల, మన తల కంటే ఎత్తులో, హుస్సేన్‌సాగర్ నీళ్లున్నాయి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు. నాలుగున్నర వందల ఏళ్లుగా ఆ కట్ట ఆ నీటిని ఆపుతోంది. కట్ట కింద కట్ట మైసమ్మ. కొత్త బండి కొన్నవాళ్లు పూజకి ఇక్కడికే తెస్తారు. గుడి దగ్గర పూల బుట్ట సర్దుకునే ఒకావిడ మమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు దూరంగా జరిగి అడిగింది.

"గిది కుక్కనా, లేగదూడనా బిడ్డా?"

"కుక్కనే అమ్మా."

"కరుస్తదా?"

"ఇప్పటిదాకా ఎవర్నీ కరవలేదు. కానీ దగ్గరికి రాకండి."

"గట్ల చెప్పు మరి. అందరు 'ఏం చెయ్యదు, ఏం చెయ్యదు' అంటరు."

ఆమె మాట నాకు అలాగే ఉండిపోయింది. కుక్కలు పెంచే మనందరి నోట్లో ఎప్పుడూ ఉండే మాట అది. "భయపడకండి, ఏం చెయ్యదు." ఎదుటివాళ్లకి అది మనం ఇచ్చే గ్యారంటీలా వినపడాలని మన కోరిక. వాళ్లకి వినపడేది మాత్రం 'నీ భయం నాకు లెక్కలేదు' అని. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట బంద్. బుజ్జిని చూసి ఎవరైనా ఆగితే, మేమే రోడ్డు దాటి అవతలికి పోతాం.

ఎండ, వాన, బిర్యానీ ఎముక

ఈ జాతికి హైదరాబాద్‌లో మొదటి శత్రువు ఎండ. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ ఒంటి వేడిని బయటికి పంపాలి. మూతి కాస్త పొట్టిగా, ఒళ్లంతా కండ ఉన్నవాటికి ఆ పని ఇంకా కష్టం. కుక్క మామూలు ఉష్ణోగ్రతే 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడుకి కూడా తారురోడ్డు కాలుతూనే ఉంటుంది. అరచెయ్యి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి. మనం ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉంచలేవు. మా రాత్రి వాకింగ్ వేసవిలో పదింటి తర్వాతే. ఎండదెబ్బ తగిలినట్టు అనిపిస్తే, అంటే విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే, మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి. తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోకూడదు.

రెండోది వాన. హుస్సేన్‌సాగర్ నిండితే పొంగిన నీళ్లు నాలా గుండా దోమలగూడ, అశోక్ నగర్ మీదుగానే మూసీ వైపు పోతాయి. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పటి సంగతులు మా వీధి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తుంటారు. నాలా పొంగి రోడ్డు మీదికి వస్తే బుజ్జిని కిందికి దించం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుక్కలకే కాదు, మనకీ వస్తుంది. దానికి కుక్కలకి టీకా ఉంది. ఏటా వానలు మొదలయ్యేలోపే వేయిస్తా. వానాకాలంలో ఇంకో పని, ప్రతి రాత్రీ చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, మెడ కింద గోమార్ల కోసం వెతకడం. అమ్మ సీరియల్ చూస్తూనే ఆ పని చేసేస్తుంది. మొదటి నెల వంటింటి గడప దాటి బయటికి రాని మనిషి ఆవిడే.

మూడోది బిర్యానీ. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల రోడ్డు మీద ఎముక లేని చోటు దొరకదు. ఉడికిన కోడి ఎముక కొరికితే సూదుల్లా చీలుతుంది. గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటే ఆపరేషనే. 'వదులు' అన్న మాటకి పెట్టిన నాలుగు నెలలూ ఇక్కడ పనికొచ్చాయి.

తిండి రోజుకి రెండు పూటలు. పొద్దున డాగ్ ఫుడ్, రాత్రి చికెన్, అన్నం, గుమ్మడికాయ, కాస్త పెరుగు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ ముట్టనివ్వం. తిన్న వెంటనే పరుగులు ఉండవు. వెడల్పు ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకి పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. గంటల్లో ప్రాణం పోతుంది. తిండి, మందులు, టీకాలు కలిపి నాకు నెలకి ఎనిమిది వేల దాకా అవుతుంది.

నారాయణగూడలో రెండు క్యూలు

మాకు దగ్గర్లో ఉన్న పెద్ద దిక్కు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల. పొద్దున్నే వెళ్తే అక్కడ ఒక ఊరే ఉంటుంది. బుట్టలో పిల్లి, ఒళ్లో కోడిపుంజు, తాడుకి మేక, స్కూటీ ముందు నిలబడి వచ్చిన పొమరేనియన్. బుజ్జికి అక్కడ బుట్ట మజిల్ వేస్తా. నోరు బిగించేసే గుడ్డ రకం కాదు, లోపల నోరు తెరిచి రొప్పేందుకు, నీళ్లు తాగేందుకు వీలుండే రకం. మజిల్ అంటే శిక్ష కాదు. బండి నడిపేటప్పుడు హెల్మెట్ లాంటిది. ఇంట్లో నెలరోజులు అందులో పెరుగన్నం పెట్టి అలవాటు చేశాం. ఇప్పుడు మజిల్ తీస్తే షికారు అనుకుని తోక ఊపుతుంది.

అదే నారాయణగూడలో ఐపీఎం ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. నగరంలో కుక్క కరిచినవాళ్లు యాంటీ రేబిస్ టీకా కోసం వెళ్లే చోటు. కుక్కల క్యూ ఒకచోట, కుక్క కరిచినవాళ్ల క్యూ ఇంకోచోట, రెండూ ఒకే ఏరియాలో. ఒకసారి నేను రెండో క్యూలో కూడా నిలబడ్డా, వీధికుక్క పన్ను గీరిన మా వాచ్‌మన్ కొడుకుతో. తొమ్మిదేళ్ల పిల్లాడు. సబ్బుతో, ధార కింద పదిహేను నిమిషాలు కడిగి తీసుకెళ్లాం. మొదటి రోజు, మూడో రోజు... అలా డోసుల తారీఖులు రాసిన చీటీ పట్టుకుని వాడు నన్ను అడిగాడు. "అన్నా, బుజ్జి కరిస్తే కూడా ఇన్ని సూదులు వేస్తరా?"

వేస్తారు. పెంపుడు కుక్క, టీకాలు వేసిన కుక్క, పేరున్న కుక్క... కాటుకి ఆ తేడాలు తెలియవు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. కుక్కలకి వేసే రక్షారాబ్, మనుషులకి వేసే అభయ్‌రాబ్ టీకాలు రెండూ తయారుచేసేది మన గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్. మనం రోజూ ఆఫీసుకి పోయే దారే. ఏడాదికి ఒక్క సూది వేయించకపోవడానికి ఈ ఊళ్లో ఎవరికీ సాకు లేదు.

23 జాతుల లిస్టు

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి ఒక లేఖ రాసింది. 23 జాతుల కుక్కలు ప్రమాదకరమైనవి, వాటి అమ్మకం, సంతానోత్పత్తి ఆపాలి, ఇప్పటికే ఉన్నవాటికి సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించాలి అని. పిట్‌బుల్, రాట్‌వైలర్‌లతో పాటు ఆ లిస్టులో అమెరికన్ బుల్‌డాగ్ కూడా ఉంది. సాయంత్రానికల్లా లిస్టు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. బుజ్జి పేరు చుట్టూ ఎర్ర గుండ్రం. రెండు రోజులకి ఓనర్ ఫోన్. "బాబూ, నాకు నీతో ఏ ఇబ్బందీ లేదు. మిగతావాళ్లు ఒప్పుకోవట్లేదు. రెండు నెలల్లో ఇల్లు చూసుకో."

నా దగ్గర కాగితాలు లేక కాదు. కుక్కని పెంచుకోవద్దని, లిఫ్టు వాడొద్దని సంఘాలు నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్రం లేఖ కూడా ఎక్కువ రోజులు నిలబడలేదు. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు కూడా పక్కనపెట్టింది. ఆ పీడీఎఫ్‌లన్నీ గ్రూపులో పడేయొచ్చు. కేసు గెలవొచ్చేమో కానీ, రోజూ ఒకే మెట్ల మీద ఎదురుపడే మనుషులతో దాని వల్ల ఒరిగేదేముంది?

ఆ భయం ఊరికే రాలేదు. 2022 జులైలో లక్నోలో ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ దాడిలో ఆ ఇంటి పెద్దావిడే చనిపోయింది. 2023 జనవరిలో మన బంజారాహిల్స్‌లో, ఫుడ్ పార్శిల్ ఇవ్వడానికి వెళ్లిన 23 ఏళ్ల డెలివరీ కుర్రాడు, ఇంట్లోంచి వచ్చిన జర్మన్ షెపర్డ్‌ని చూసి పరుగెత్తి, మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ మరుసటి నెలలోనే మాకు దగ్గరైన అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ని వీధికుక్కలు చంపేశాయి. వీటిలో నన్ను ఎక్కువగా వెంటాడేది బంజారాహిల్స్ సంగతి. ఆ కుర్రాణ్ని చంపింది కాటు కాదు, భయం. అంటే మన కుక్క ఎంత మంచిదైనా, పన్ను కూడా తగలకుండానే ఒక మనిషి చనిపోవచ్చు. అక్కడ "ఏం చెయ్యదండీ" అన్న మాటకి అర్థమే లేదు.

అందుకే సెల్లార్‌లో మీటింగ్ పెట్టమని నేనే అడిగా. టీకాల కార్డు, జీహెచ్‌ఎంసీ లైసెన్సు, పిల్లలు పుట్టకుండా చేయించిన ఆపరేషన్ కాగితం టేబుల్ మీద పెట్టా. తర్వాత ఒకటే అడిగా. "బుజ్జి మంచిదని నమ్మమని అడగను. మీరు నిశ్చింతగా ఉండాలంటే నేనేం చేయాలో చెప్పండి." మొదట అరుపులు. తర్వాత రూల్స్ వచ్చాయి. లిఫ్టు వాడకూడదు, మెట్లే. కామన్ ఏరియాలో మజిల్ తప్పనిసరి. మెట్లు దిగేముందు ఒక ఈల, పిల్లలెవరైనా ఉంటే లోపలికి పోయేందుకు. నా తరఫున రెండు కలిపా. మెయిన్ డోర్‌కి బయట ఇనుప గ్రిల్, రెండూ ఒకేసారి తెరవం. డెలివరీలన్నీ కింద వాచ్‌మన్ దగ్గరే, ఏ కుర్రాడూ పైకి రానక్కర్లేదు. చట్టం కూడా దాదాపు ఇదే చెప్తుంది. జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

రెండు నెలల గడువు ఆగింది. అందరూ మారిపోయారని చెప్పను. మొదటి అంతస్తు బామ్మ ఈల వినగానే ఇప్పటికీ తలుపు వేసుకుంటుంది. వేసుకోవడం ఆవిడ హక్కు. కుక్కని ఎంచుకున్నది నేను, ఆవిడ కాదు.

కొనేముందు

నా ఇన్‌బాక్స్‌లో వారానికి ఒకరైనా అడుగుతారు. "బ్రో, అమెరికన్ బుల్‌డాగ్ పప్పీ ఎక్కడ దొరుకుతుంది?" నేను తిరిగి కొన్ని ప్రశ్నలు అడుగుతా. తెల్లారి ఐదింటికి, వానలో కూడా, పదేళ్లపాటు లేవగలరా? మీరు ఆన్‌సైట్ వెళ్తే ఎవరు చూస్తారు? మీ ఇంట్లో అందరికంటే బలం తక్కువున్న మనిషి దాని తాడు పట్టుకుని ఆపగలరా? పైఅంతస్తు, కిందిఅంతస్తు వాళ్లని అడిగారా? దాని తల్లిదండ్రుల ఆరోగ్యం, తుంటి ఎక్స్‌రేలు చూశారా? ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు, చర్మం జబ్బులు ఎక్కువ. ఒక్కదానికి 'చూద్దాంలే' అన్నా, వద్దనే చెప్తా. మీ గల్లీలోనే పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని పెంచుకోండి, ఈ ఊరి ఎండకి అది అలవాటుపడే పుట్టింది.

కట్టకి అవతలున్న నీళ్లు చెడ్డవని ఎవరూ అనరు. కానీ కట్ట కింద ఇళ్లున్నాయి. నీళ్లు మంచివే కదా అని కట్టని ఎవరూ వదిలెయ్యరు. 38 కిలోల బుజ్జికి కట్ట నేనే. దానికి సెలవులు లేవు.

మా పదకొండు నెలల అగ్రిమెంట్ వచ్చే నెలతో అయిపోతుంది. ఓనర్ ఇంకా అవునని కానీ, కాదని కానీ చెప్పలేదు. మొన్న మెయింటెనెన్స్ డబ్బులు ఇవ్వడానికి వెళ్తే మాత్రం, "మెట్లు దిగలేక దానికి మోకాళ్ల నొప్పులొస్తాయేమో, ముసలిదైతే లిఫ్టు సంగతి మీటింగ్‌లో అడుగు" అన్నాడు.